ఎవరు ముట్టుకున్నరు?

మా బావ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది కంప్యూటర్ల గురించే మాట్లాడారు. ఉప్పల్‌లో అక్కవాళ్ల గల్లీకి అడ్డంగా టెంటు వేసి కుర్చీలు పరిచారు. "మా ఇంట్ల నెట్ బందయితే అన్ననే ఒచ్చి సూసేటోడు" అన్నాడు ఒకాయన. "మా పిల్ల లాప్‌టాప్‌ను ఎన్నిసార్లు బతికిచ్చిండో" అన్నాడు ఇంకొకాయన. పక్కింటామె నా చెయ్యి పట్టుకుని, "మీ బావ చెయ్యి వడితే సాలమ్మా, ఎసొంటిదైనా నడవాల్సిందే" అని కళ్లు తుడుచుకుంది. నేను తల ఊపాను.

ఆ చెయ్యి మా ఇంటి కంప్యూటర్ మీద పడిన రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆయన గొప్పతనం చెప్పడానికి ఆ గల్లీ నిండా మనుషులున్నారు కాబట్టి, నేను చూసిన మనిషిని నేను చెబుతాను. పేరు రాయను. అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది.

బావ పని కంప్యూటర్లది కాదు. నాచారంలో ఒక మందుల కంపెనీలో స్టోర్ చూసేవాడు. పెళ్లికి ముందు ఉప్పల్ చౌరస్తా దగ్గర ఎక్కడో కొన్ని నెలల కోర్సు చేశాడు. ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, దేవుడి పటాలకు పక్కగా, వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించేలా తగిలించాడు. బండి తాళంచెవికి పెన్‌డ్రైవ్ వేలాడుతుండేది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని చూపుడువేలి చుట్టూ తిప్పేవాడు. పెళ్లిళ్లలో కూడా అంతే. అందరూ భోజనాల దగ్గర ఉంటే, ఆయన మైకుసెట్టు కుర్రాళ్ల దగ్గర నిలబడి ఆ వైరు ఇటు పెట్టు, ఈ వైరు అటు పెట్టు అని చెబుతుండేవాడు. వాళ్లు కాసేపు విని, ఆయన అటు తిరగగానే మళ్లీ తమ పద్ధతిలో పెట్టుకునేవాళ్లు.

ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించిందన్నా వెంటనే వచ్చేవాడు. అన్నం ముందు నుంచి లేచి వచ్చిన రోజులూ ఉన్నాయి. అది నిజమే, కాదనను. తను లేకుండా ఎక్కడైనా ఏదైనా బాగైపోతుందేమోనని ఆయనకు భయం. ఒకసారి మా ఎదురింటివాళ్ల ప్రింటర్‌ను ఆయన వచ్చేలోపు వాళ్లబ్బాయే సరిచేసుకున్నాడు. బావ అది నమ్మలేదు. "ఇప్పుడు నడుస్తది, రేపు ఆగుతది" అని మొత్తం విప్పి మళ్లీ బిగించి వెళ్లాడు. రేపటికి నిజంగానే ఆగింది.

వచ్చీరాగానే, చెప్పులైనా విడవకముందే ఒకే మాట అడిగేవాడు.

"ఎవరు ముట్టుకున్నరు?"

ఏమైంది అని ఎప్పుడూ అడగలేదు. ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకునేదాకా గుమ్మం దగ్గరే నిలబడేవాడు. చిన్నపిల్లలుంటే పని తేలిక. లేకపోతే ఆడవాళ్లు. ఫలానావాళ్లు ముట్టుకున్నారని తేలాక, "అందుకే" అని తృప్తిగా లోపలికి వచ్చి, కుర్చీలో ఉన్నవాళ్లను "జర జరుగు" అని లేపి కూర్చునేవాడు. గడియారం విప్పి బల్ల మీద పెట్టేవాడు. వేళ్లన్నీ విరుచుకునేవాడు. ఆ తర్వాత కింద ఉన్న డబ్బాకు చెవి ఆనించి, డాక్టరు రోగి ఛాతీ విన్నట్టు కళ్లు మూసుకుని వినేవాడు. "లోపల ఫ్యాన్ ఏడుస్తున్నది" అనేవాడు. నాకు ఆ ఫ్యాన్ ఎప్పుడూ మామూలుగానే వినిపించింది.

వెనక ఎవరైనా నిలబడి చూస్తుంటే ఆయన చేతులు ఆడేవి కావు. అందుకని అందరినీ ఏదో ఒక పనికి పంపేవాడు. ఒకరిని తడిగుడ్డకు, ఒకరిని స్క్రూడ్రైవర్‌కు, ఒకరిని టీకి. ఎవరూ లేనప్పుడు తెర తన వైపు తిప్పుకుని రెండు వేళ్లతో గట్టిగా కొట్టేవాడు. అయిపోయాక కొత్త పాస్‌వర్డ్ పెట్టి, అది ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయేవాడు. మర్నాడు ఫోన్ చేస్తే, "మర్శిపొయిన, చెప్పలేదా?" అని నవ్వి, అది తన బండి నంబరని చెప్పేవాడు. మా ఇంట్లో, మా పిన్నివాళ్లింట్లో, ఎదురింట్లో, అన్నిచోట్లా అదే నంబరు. మేమంతా మా సొంత కంప్యూటర్లు తెరవడానికి మా బావ బండి నంబరు కొట్టేవాళ్లం.

ఆయనకు ఎదురు చెప్పింది మా అమ్మ ఒక్కతే. ఒకసారి మా ఇంటికి వచ్చి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి "ఎవరు ముట్టుకున్నరు?" అన్నాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ముట్టుకోకుంటే అదెట్ల నడుస్తది అల్లుడా?" అంది. నాకు నవ్వొచ్చింది. నాయిన మాత్రం కంగారుగా లేచి నిలబడ్డాడు. బావ వచ్చినవాడు వచ్చినట్టే బండి తిప్పుకుని పోయాడు. తర్వాత అక్కను పుట్టింటికి పంపలేదు. చివరికి నాయిన ఉప్పల్ వెళ్లి, అల్లుడి ఎదురుగా కూర్చుని, "ఆమెకు మాట తీరు తెల్వదు, మీరు మనసుల వెట్టుకోకుండ్రి" అని బతిమాలి తీసుకొచ్చాడు. బావ వచ్చాడు. అమ్మ చేతి అన్నం తిన్నాడు. వెళ్లేటప్పుడు నాతో, "సూసినవా మరదలా, మర్యాదంటే గట్ల ఉండాలె" అన్నాడు. ఆ మనిషంటే నాకు గిట్టకపోవడం ఆ రోజే మొదలైంది.

ఇక మా నాయిన గురించి కొంచెం చెప్పాలి. నాయినది నాచారమే. కంపెనీలు రాకముందు ఆ నేల అంతా చెలకలు, వరిమళ్లు. మా తాతల చెలకలో షెడ్డు లేస్తే, అదే షెడ్డులో నాయిన లేత్ మిషన్ మీద పనికి కుదిరి, అక్కడే రిటైరయ్యాడు. రిటైరయ్యాక మధ్యాహ్నాలు ఆయనకు తోచేది కాదు. నేను ఒక స్ప్రింగుల ఫ్యాక్టరీలో అకౌంట్లు రాస్తాను. ఇంట్లో పని చేసుకోవడానికి కంప్యూటర్ కొన్నాను. ఒక రోజు దానికి మైకు తగిలించి, "ఇందుల మాట్లాడు నాయినా, ఉంటది" అని చూపించాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటైపోయింది. భోజనం కాగానే తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి కూర్చునేవాడు. ఏ చెలకను ఏమని పిలిచేవాళ్లు, ఏ బావి ఎవరిది, ఏ బాటన ఎడ్లబండ్లు పోయేవి, ఇప్పుడు ఏ కంపెనీ గేటు కింద ఎవరి పొలం ఉంది, వరసగా చెప్పేవాడు. మధ్యలో వంటింట్లోంచి అమ్మ కేకేసేది: "అది గాదు, ఆ బాయి మీ చిన్నాయినది." నాయిన "ఆఁ, చిన్నాయినది" అని దిద్దుకునేవాడు. అదంతా అందులోనే ఎక్కేది. డీ డ్రైవ్‌లో "నాయిన" అని ఒక ఫోల్డర్ పెట్టాను. అమ్మ పోయాక కూడా ఆయన చెప్పడం ఆపలేదు. అప్పుడప్పుడు పాతవి పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినేవాడు. ఏ చోట వింటున్నాడో మొహం చూస్తే నాకు తెలిసేది.

అమ్మ పోయిన మరుసటేడు, ఒక ఆదివారం పొద్దున మా ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. గల్లీలో డ్రైనేజీ పైపుల కోసం తవ్వుతున్నారు. రౌటర్ మీద ఆకుపచ్చగా ఉండాల్సిన లైటు ఎర్రగా వెలుగుతోంది. పక్కింటికి వెళ్లి అడిగితే వాళ్లకూ రావడం లేదన్నారు. తవ్వకాల్లో వైరు తెగి ఉంటుందని, సాయంత్రానికి వస్తుందని అనుకుని నేను వేరే పని చూసుకుంటున్నాను. నాయిన మాత్రం అంతకుముందే లేచి, కంప్యూటర్‌లో వార్తలు రాకపోవడంతో అదీ ఇదీ నొక్కి చూశాడు. అక్క ఏదో పని మీద ఫోన్ చేస్తే ఆ మాట చెప్పాడు. కాసేపటికి గుమ్మం ముందు బావ బండి ఆగింది. వెనక నుంచి అక్క దిగింది.

"ఎవరు ముట్టుకున్నరు?"

"ఎవరు ముట్టుకోలేదు బావా. డబ్బా మీద ఎర్ర లైటున్నది. లైన్ తెగినట్టున్నది. పక్కింటోళ్లకు గూడ వస్తలేదు" అన్నాను.

"పక్కింటోళ్లది పక్కింట్ల. నేను అడిగింది ఈ ఇంటి సంగతి."

నాయిన మెల్లగా, "పొద్దుగాల నేనే ఏదో నొక్కిన అల్లుడా" అన్నాడు.

"అందుకే" అన్నాడు బావ.

కూర్చున్నాడు. గడియారం విప్పాడు. వేళ్లు విరుచుకున్నాడు. వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ఏవేవో తెరిచాడు, మూశాడు. ఎర్ర లైటు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను రెండోసారి దాన్ని చూపించబోతే, "మరదలా, నువ్వు లెక్కలు రాసుకో, ఇది నాకిడిసిపెట్టు" అన్నాడు. చివరికి వైరస్ పట్టిందని తేల్చాడు. "ఫార్మాట్ కొడుదాం. ఒక్కసారి కొడితే ఇగ ఫికర్ లేదు."

"ఆగు బావా. డీల నాయిన రికార్డింగులున్నయి. నేను వేరే దాంట్ల ఎక్కిచ్చుకుంట, ఆ తర్వాత కొట్టు."

"డీని ఎవరు ముట్టుకుంటున్నరు? సీ ఒక్కటే కొడ్త. గది గూడ తెల్వదా నాకు?"

"అయినా గని ఒక్క గంట ఆగు."

బావ కుర్చీలో వెనక్కి వాలి నాయిన వైపు చూశాడు. నాయినకు ఆ చూపు తెలుసు. ఉప్పల్ వెళ్లి బతిమాలి తెచ్చుకున్న రోజు గుర్తొచ్చి ఉంటుంది. "పోనీ బిడ్డా, ఆయనకు తెల్వదా" అన్నాడు. బావ అప్పుడు నాతో, "మంచి టీ పెట్టు పో. పాలు చిక్కగుండాలె" అన్నాడు. ఇంట్లో పాలు లేవు. సందు చివర దుకాణానికి వెళ్లాను. తవ్విన గుంతలు దాటుకుని తిరిగొచ్చేసరికి ఫార్మాట్ మొదలై, తెర మీద నీలిరంగు గీత నడుస్తోంది.

ఒక్క సంగతి నాకు బాగా గుర్తుంది. టీ ఇచ్చినప్పుడు బావ ఏ వంకా పెట్టలేదు. ఎప్పుడూ చక్కెర ఎక్కువనో తక్కువనో అనే మనిషి, తాగి కప్పు పక్కన పెట్టాడు. ఆ తర్వాత బండి డిక్కీలోంచి తన హార్డ్‌డిస్క్ తెచ్చి తగిలించి, "మామకు టైంపాస్ అయితది" అంటూ సినిమాలు ఎక్కించాడు. చాలా సినిమాలు. అవి ఎక్కేలోపు నాయిన తెప్పించిన మటన్‌తో అన్నం తిన్నాడు. రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. "నా దిక్కెల్లి అంత క్లియర్. ఇగ కనెక్షనోనికి ఫోన్ జెయ్యి" అని అక్కను ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం గల్లీలో వైరు అతికారు. ఆకుపచ్చ లైటు వెలిగింది. పక్కింట్లో కూడా టీవీలో పాటలు మొదలయ్యాయి. నేను డీ డ్రైవ్ తెరిచాను. అందులో సినిమాలు తప్ప ఏమీ లేవు.

బావకు ఫోన్ చేశాను. "డీల నేను సూసినప్పుడే ఏం లేకుండె" అన్నాడు తడుముకోకుండా. "మామ పొద్దుగాల ఏదో నొక్కిన అన్లేదా? గప్పుడే పోయినట్టున్నయి. మామకియ్యి ఫోను." నేను ఇవ్వలేదు. నాయిన నా చేతిలోంచి తీసుకున్నాడు. అవతలి మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. "ఏం పర్వాలేదు మామా. పెద్దోల్లకు అయితుంటది. మనసుల వెట్టుకోకుండ్రి." అంత మెత్తగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

నాయిన ఫోన్ పెట్టేసి, "నేనే నొక్కినట బిడ్డా" అన్నాడు.

"కాదు నాయినా. నిన్న గూడ ఉండె అందుల. నువ్వు నొక్కితే అన్ని ఒక్కసారే ఎట్ల పోతయి?"

"అల్లుడు అబద్ధమెందుకు ఆడుతడు?"

దానికి నా దగ్గర సాక్ష్యం లేదు. అక్కను అడిగితే, "నాకేమెర్క, ఆయన జెప్పిండంటే గంతే" అంది. మా కంప్యూటర్ హార్డ్‌డిస్క్ తీసుకుని హబ్సిగూడలో ఒక దుకాణానికి వెళ్లాను. వాళ్లు దాన్ని కొన్నాళ్లు ఉంచుకుని, పాతవాటి మీద బరువైన ఫైళ్లు ఎక్కాయని, ఏమీ రాదని తిరిగి ఇచ్చారు. మళ్లీ చెప్పమని నాయినను ఎన్నిసార్లో అడిగాను. "నా చేతుల ఏదుంటది? మల్ల ఏదో నొక్కుత" అనేవాడు. మీ అమ్మ గొంతు నేనే తుడిపేసుకున్న అని ఒక్కసారి అన్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ ఉన్న గదిలోకి రావడం మానేశాడు. కొన్నాళ్లకు ఫోన్ కూడా తనంతట తాను ఎత్తేవాడు కాదు. మోగితే దూరంగా నిలబడి నన్ను పిలిచేవాడు.

బావ ఆ సంగతిని వదిలేసి ఉంటే నేనూ ఇంతగా గుర్తుపెట్టుకునేదాన్ని కాదేమో. ఆయన దాన్ని నవ్వులాటగా మార్చాడు. దసరాకు, పెళ్లిళ్లకు, బోనాల విందుకు, నలుగురు చేరిన ప్రతిచోటా, "మా మామ కాడికి కంప్యూటర్ రానియ్యకుండ్రి. ఒక్క బటన్ నొక్కి నాచారం ఊరు మొత్తం మాయం జేసిండు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాయిన కూడా తల వంచుకుని నవ్వేవాడు. ఒకసారి నేను "చాలు బావా" అన్నాను. "మరదలికి కోపమొచ్చింది" అని ఇంకాస్త నవ్వించాడు. అట్లా చాలా ఏళ్లు గడిచాయి. ఆయన మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. తింటూనే ఉన్నాడు.

గుండెపోటుతో పోయాడు. కర్మకాండలన్నీ అయిపోయి, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక అక్క ఫోన్ చేసింది. "ఇంట్ల నెట్ వస్తలేదు. నాకేం సమజైతలేదు. జర వచ్చి సూస్తవా?"

బస్సెక్కి ఉప్పల్ వెళ్లాను. కంప్యూటర్ బల్ల మీదే బావ ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటోకు చోటు చేయడానికి బల్లను గోడ వైపు జరిపినట్టున్నారు. వెనక్కి వంగి చూస్తే రౌటర్ వైరు సగం ఊడి వేలాడుతోంది. లోపలికి నొక్కాను. లైటు వెలిగింది. అక్క ఫోన్‌లో మెసేజ్‌లు టకటకా రావడం మొదలైంది.

"గంతేనా?" అంది అక్క.

"గంతే."

ఆమె మంచం మీద కూర్చుంది. "మీ బావ అయితే పొద్దంతా కూసునేటోడు" అంది. నవ్వబోయింది కానీ మొహం మరోలా అయిపోయింది. చాలాసేపు కొంగుతో ఆడుకుంటూ ఉండి, "ఆ దినం గూడ గంతే ఉండె" అంది.

"ఏ దినం?"

"నాయిన మాటలు పోయిన దినం." నా వైపు చూడకుండా చెప్పింది. "ఆయనకు తెలుసు చెల్లె. వాపసు వచ్చేటప్పుడు సిగ్నల్ కాడ బండి ఆపి చెప్పిండు. చెయ్యి తప్పింది, డీ గూడ పోయింది, మీ నాయినకు జెప్పకు అన్నడు."

"నువ్వేమన్నవు?"

"చెప్పుదాం, నాయిన ఏమనడు అన్న. అల్లుని ఇజ్జత్ పోతది, నువ్వు నోరు తెరిస్తే మల్ల ఆ ఇంట్ల కాలు వెట్ట, నిన్ను వెట్టనియ్య అన్నడు."

నాకు ఒకటే అడగాలనిపించింది. "మరి సినిమాలెందుకు ఎక్కిచ్చిండు?"

అక్క ఫోటో వైపు చూసింది. "ఖాళీగ కనవడితే నువ్వు అప్పుడే అడుగుతవని."

ఆ సినిమాలు ఎక్కకపోయి ఉంటే దుకాణంవాళ్లు కొంతైనా వెనక్కి తీసేవాళ్లు. ఆ సంగతి అక్కకు తెలియదు. నేను చెప్పలేదు. దండ వెనక ఆయన నవ్వుతున్నాడు. బతికుండగా ఆయన మీద నాకున్నది అయిష్టం. ఆ గదిలో, ఆ మనిషి లేకుండాపోయాక, మొదటిసారి ఆయనను కొట్టాలనిపించింది.

"నాయినకు నువ్వే చెప్పాలె" అన్నాను.

"ఇప్పుడెందుకే? మనిషే పోయిండు గదా."

"పోయింది బావ. నాయిన ఉన్నడు."

ఆమెను అప్పుడే వెంటబెట్టుకుని నాచారం తీసుకొచ్చాను. నాయిన వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుంది. మాట సగంలో ఆగిపోతే నేను అందించలేదు, ఆమెనే పూర్తి చేయనిచ్చాను. "నువ్వు నొక్కింది ఏం లేదు నాయినా. ఆయన పోగొట్టిండు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు" అంది.

పోయినవాడిని ఏమీ అనకూడదని నాయిన అంటాడనుకున్నాను. అట్లాంటి మనిషే ఆయన. వీధిలోకి చూస్తూ అడిగాడు.

"పోయినయని ఆయనకు ఎప్పుడు ఎర్కైంది?"

"అప్పుడే నాయినా. కంప్యూటర్ ముంగట కూసున్నప్పుడే."

"అంటే తినేటప్పుడు తెలుసు."

అక్క తల వంచుకుంది.

"దసరాకొచ్చినప్పుడు తెలుసు."

"ఊఁ."

"నలుగుట్ల నన్ను నగినప్పుడు గూడ తెలుసు."

అక్క ఏడుస్తోంది. నాయిన ఆమె తల మీద చెయ్యి వేయలేదు. తోయనూ లేదు. "తెలిసి నా ఇంట్ల అన్నం దిన్నడు" అన్నాడు. ఆ మాటను మళ్లీ మళ్లీ లోపల అనుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లాడు.

కొన్ని రోజులు పోనిచ్చి, ఫోన్‌లో రికార్డింగు పెట్టి ఆయన ముందు ఉంచాను. "ఇప్పుడు చెప్పు నాయినా. ఇది నేనే పట్టుకుంట, నువ్వు ముట్టుకునే పని లేదు." ఈసారి కాదనలేదు. పాత ఊరి నడుమ పాతిన బొడ్రాయి నుంచి మొదలుపెట్టాడు. కొంతదూరం బాగానే నడిచింది. ఒక బావి దగ్గర ఆగాడు. దాని పక్క చెలక పేరు అందలేదు. నోట్లో ఏదో పేరు అనుకుని, కాదని తల ఊపాడు. ఇంకోవైపు నుంచి రాబోయాడు. అటు నుంచి కూడా అక్కడికొచ్చే ఆగిపోయాడు. "అప్పుడు జెప్పిన గద బిడ్డా, మంచిగ జెప్పిన" అన్నాడు. ఫోన్ నా వైపు మెల్లగా జరిపాడు. ఆయన వయసు అప్పటికి ఎనభై దాటింది. ఆయన మళ్లీ చెప్పగలిగిన ఏళ్లన్నీ తనే తప్పు చేశాననుకుంటూ గడిపేశాడు. బావను తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మిగతావన్నీ క్షమించగలిగిన చిల్లర బుద్ధులు.

బావ సంవత్సరీకానికి ఉప్పల్‌లో ఇంటి మీద డాబాపైన భోజనాలు పెట్టారు. రమ్మని అక్క ఫోన్ చేసినప్పుడు నాయిన, "నేను రాను" అని ఒక్క మాట అన్నాడు. నేను ఒక్కదాన్నే వెళ్లాను. బంతిలో కూర్చున్నవాళ్లలో బావ చిన్నాన్న ఒకాయన ఉన్నాడు. విస్తరి ముందు కూర్చున్నాక చుట్టూ చూసి, "మీ నాయిన రాలేదేంది?" అన్నాడు.

"పానం బాగలేదు" అంది అక్క.

ఆ మాట నేను నిలవనివ్వలేదు. "పానం మంచిగనే ఉన్నది. రానన్నడు" అన్నాను.

"సొంత అల్లుని సంవత్సరీకానికి రానన్నడా? ఎందుకట?"

నేను అక్క వైపు చూశాను. ఆమె పప్పుచారు గిన్నె పట్టుకుని బంతి మధ్యలో నిలబడి ఉంది. తినేవాళ్లు చేతులు ఆపారు. ఎవరో వెనక నుంచి, "ఇప్పుడవన్నెందుకు" అన్నారు. అక్క గరిటె గిన్నెలో పెట్టింది.

"మా నాయిన ఏం నొక్కలేదు చిన్నమామా" అంది. "ఆయన జెప్పుకున్న ముచ్చట్లన్ని మీ కొడుకే పోగొట్టిండు. పోగొట్టి, మా నాయిన మీద వెట్టిండు. ఇన్నేండ్లు మీరందరు నగిన్రు, నేను సూసుకుంట ఊకున్న. గందుకే రాలేదు."

అక్క గరిటె తీసి చిన్నమామ విస్తట్లో పప్పుచారు పోసి, పక్క విస్తరి దగ్గరికి జరిగింది.